చాదర్‌ఘాట్ క్యాంపులో పచ్చి బాలింతలున్నారు, పాలడబ్బాలు హోల్‌సేల్‌గా ఎక్కడ దొరుకుతాయి?

హరిత_దిల్‌సుఖ్‌నగర్ | 27 సెప్టెంబర్ 2025, రాత్రి 8:40

అందరికీ నమస్తే. నిన్న రాత్రి మూసీ సంగతి చూశారు కదా, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల గేట్లు ఎత్తేసరికి ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్లొచ్చేశాయి, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఒడ్డు మీది బస్తీల వాళ్లను ఉన్నపళంగా ఖాళీ చేయించారు. మా అపార్ట్‌మెంట్ వాళ్లం ఇవాళ పొద్దున ఒక ఫంక్షన్ హాల్లో పెట్టిన క్యాంపుకి పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాం. పొట్లాలు పంచుతుంటే గమనించా, ఆరు నెలల్లోపు పిల్లలున్న తల్లులు ఐదుగురు, నిండు చూలాళ్లు ఇద్దరు ఉన్నారు. అందులో ఒకమ్మాయికి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి, పాపకు పదకొండు రోజులట. నేలంతా తడిగా ఉందని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, రాత్రి వచ్చినప్పటి నుంచీ అదే కుర్చీ. నా చేతిలో పొట్లం తీసుకుని పక్కన పెట్టేసింది, తినలేదు.

ఇంటికొచ్చి గ్రూపులో పెడితే సాయంత్రానికి 41 వేలు పోగయ్యాయి. పాలపొడి డబ్బాలు, పాలసీసాలు, డైపర్లు కొందామని అనుకుంటున్నాం, ఇళ్లలో ఉన్న పాత బట్టలు కూడా మూటలు కట్టాం. హోల్‌సేల్‌లో ఎక్కడ తీసుకుంటే నయం? రేపే ఇచ్చేయాలి.

వాసు_మలక్‌పేట | రాత్రి 8:52

సబ్బులు, డైపర్లు అయితే బేగంబజార్. కానీ అఫ్జల్‌గంజ్ మీదుగా వెళ్లే దారి ఎలా ఉందో కనుక్కుని బయల్దేరండి, ఎంజీబీఎస్ చుట్టూ ఇవాళ ఘోరంగా ఉంది. నేను వెనక్కి తిరిగి వచ్చేశా.

రిటైర్డ్_సిస్టర్ | రాత్రి 9:15

హరితా, డబ్బులు ఇంకా ఖర్చు పెట్టలేదు కదా? పెట్టకపోతే పాలడబ్బాలు, సీసాలు ఆ లిస్టులోంచి కొట్టేయమ్మా. కోప్పడుతున్నాననుకోకు. ముప్పై ఏళ్లు బాలింతల వార్డుల్లో పనిచేశాను, వరద వచ్చిన ప్రతిసారీ మంచి మనసున్నవాళ్లు ముందు కొనేది ఈ డబ్బాలే.

ఆ హాల్లో సీసా ఎక్కడ కడుగుతారో ఒక్కసారి ఊహించుకో. ట్యాంకర్ నీళ్లు డ్రమ్ములో పడతారు, అందరూ అదే మగ్గు ముంచుతారు, సీసా మరిగించడానికి స్టవ్వు ఉండదు. కలిపిన పాలు మిగిలితే పారబోయడానికి ఆ తల్లికి మనసొప్పదు, రెండు గంటలాగి మళ్లీ పట్టిస్తుంది. అక్కడి నుంచి మొదలవుతాయి విరేచనాలు. 2006లో ఇండొనేషియాలోని యోగ్యకర్తా దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఇలాగే దాతలు పాలపొడి విరివిగా పంచారు. తర్వాత లెక్క తీస్తే, ఆ పొడి అందిన పసివాళ్లలో నూటికి పాతిక మందికి విరేచనాలు, అందని వాళ్లలో పన్నెండు మందికి లోపే. పొడి చెడ్డదని కాదు, నీళ్లు చెడ్డవి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది, అనాథాశ్రమాలకు తప్ప పాలపొడీ పాలసీసాలూ ఎవరికీ ఉచితంగా పంచిపెట్టకూడదు. కంపెనీలకే అనుకునేరు, మనకూ వర్తిస్తుంది.

భయానికి పాలు ఎండిపోతాయని మన వాళ్లంతా అంటారు, అది అబద్ధం. భయంలో, ఆకలిలో పాలు దిగడం కాస్త ఆలస్యమవుతుంది అంతే, బిడ్డ లాగుతూ ఉంటే దిగుతాయి. మనం మధ్యలో డబ్బా పట్టుకెళ్లి పట్టించామనుకో, బిడ్డ లాగడం మానేస్తుంది, అప్పుడు నిజంగానే తగ్గిపోతాయి. నీ డబ్బా వారంలో అయిపోతుంది. ఎనిమిదో రోజు ఆ పిల్ల ఏం చేయాలి?

రేపు వెళ్లినప్పుడు చేయాల్సిన మొదటి పని చెప్తా. హాల్లో ఒక మూలకి తాడు కట్టి రెండు చీరలు వేలాడదీయండి. అంతమంది మగవాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే ఆ పిల్ల కొంగు ఎలా తీస్తుంది? పొద్దున్నుంచీ పాపకు సరిగా పాలిచ్చి ఉండదు.

కిరణ్_ఉప్పల్ | రాత్రి 9:31

సిస్టర్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ నాకు ఈ మాటలు వింటే ఒళ్లు మండుతుంది. మాకు కవలలు, ఏడో నెలాఖర్లోనే పుట్టారు. మా ఆవిడకు పాలు చాలలేదు. ఆ మూడు నెలలూ వచ్చినవాళ్లంతా మాకు తల్లిపాల గొప్పతనం గురించి క్లాసు పీకినవాళ్లే, ఆమె బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేది. డబ్బానే మా పిల్లల్ని బతికించింది. ఇప్పుడు క్యాంపులో అలాంటి తల్లి ఉంటే చట్టం కాగితం చూపించి ఆకలి తీరుస్తారా?

రిటైర్డ్_సిస్టర్ | రాత్రి 9:50

కిరణ్ బాబూ, నీ కోపం న్యాయమే. మీ ఆవిడను అలా ఏడిపించినవాళ్లది తప్పు.

నేను వద్దన్నది వరుసగా నిలబెట్టి అందరి చేతిలో తలా ఒక డబ్బా పెట్టడం. వరదకు ముందే డబ్బాపాల మీద ఉన్న బిడ్డ ఉంటే, తల్లి లేని బిడ్డ ఉంటే, ఆ బిడ్డ సంగతి వేరు. క్యాంపుకి వచ్చే డాక్టరుకి చూపించి, ఆమె సరేనంటే, అంతకుముందు వాడుతున్న రకమే, ఆ తల్లికి మాత్రమే, పక్కకు పిలిచి ఇవ్వాలి. దాంతోపాటు మరిగించిన నీళ్ల ఫ్లాస్కు రోజూ అందాలి, నెల తర్వాత కూడా డబ్బా అందాలి. అది ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి.

సీసా మాత్రం ఎవరికీ వద్దు. రబ్బరు పీక లోపల పాలు ఎక్కడ ఇరుక్కుంటాయో కంటికి కనబడదు. ఉగ్గుగిన్నె కొనండి, స్టీలుది. మీ ఇళ్లలో అమ్మమ్మలనాటి వెండిది ఉంటే తెలుస్తుంది, ముక్కుతో ఉంటుంది చిన్నగా. వెడల్పు నోరు, చెయ్యి పట్టి తోమొచ్చు, ఎండలో బోర్లించొచ్చు.

ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా, నీలోఫర్ ఆస్పత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు 2017 నుంచి ఉంది. అది ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో ఉన్న పిల్లల కోసం. క్యాంపులకు ప్యాకెట్లు తెచ్చుకునే చోటు కాదు.

కిరణ్_ఉప్పల్ | రాత్రి 9:58

సరే. ఉగ్గుగిన్నెలు నా ఖర్చు.

చరిత్ర_పిచ్చి | రాత్రి 10:20

ఒక చిన్న మాట. రేపటికి సరిగ్గా 117 ఏళ్లు. 1908 సెప్టెంబర్ 28న ఇదే మూసీ పొంగితే వేలమంది పోయారు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ దెబ్బకే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవాటి గేట్లు ఎత్తితే ఇవాళ...

వాసు_మలక్‌పేట | రాత్రి 10:24

అన్నా, చింతచెట్టు సంగతి వేరే దారంలో పెట్టుకుందాం. ఇక్కడ ఉగ్గుగిన్నెల సంగతి నడుస్తోంది.

బుజ్జమ్మ_2020 | రాత్రి 11:05

ఈ ఫోరంలో ఎప్పుడూ రాయలేదు, చదివి వెళ్లిపోతుంటాను. హరిత గారు కుర్చీ గురించి రాసింది చదివాక నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా.

2020 అక్టోబర్ 13 రాత్రి. మేం అప్పుడు రామంతాపూర్ దగ్గర చెరువు కింద కాలనీలో గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లం. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడిందని తర్వాత పేపర్లో చదివాను, ఆ రాత్రి మాత్రం తెలిసిందల్లా మంచం కోడు మునిగిందని. నాకు సిజేరియన్ అయి 18 రోజులు. పాపను మా ఆయన నెత్తి మీద టబ్బులో పెట్టుకుని ముందు నడిస్తే, నేను పొట్ట పట్టుకుని వెనక నడిచాను. కుట్లు నడుములోతు మురికినీళ్లలో తడిశాయి. ఎదురింటి రెండో అంతస్తు వాళ్లు తలుపు తీశారు.

మూడు రోజుల్లో సాయం చాలా వచ్చింది, లేదంటే పాపం తగులుతుంది. బ్రెడ్డు వచ్చింది, పచ్చిమిర్చి దట్టించిన పులిహోర వచ్చింది, ఒక మూట నిండా చీరలొచ్చాయి. మూట విప్పితే జరీ చీరలు, చెమ్కీలు కుట్టిన జాకెట్లు, ఒక గాగ్రా. కుట్లకు తగలకుండా వదులుగా వేసుకునే నైటీ ఒక్కటంటే ఒక్కటి లేదు. లోపలి బట్టలు ఎవరూ ఇవ్వరు, అడుగుదామంటే సంచీలు పట్టుకొచ్చేవాళ్లంతా కుర్రాళ్లు. బాలింతకు ఇంకా అవుతూనే ఉంటుంది కదా, వాళ్లిచ్చిన సన్నటి ప్యాడ్ గంట కూడా ఆగేది కాదు. చివరికి ఆ చీరల్లో ఒక పాత నూలు చీర దొరికితే చింపి మడతలు పెట్టుకున్నా.

హరిత గారూ, ఆ అమ్మాయి పులిహోర పక్కన పెట్టేసింది అన్నారు. పథ్యం అయి ఉంటుందండీ. చింతపండు పులుపు బాలింతకు వద్దని మా ఇళ్లలో పెద్దవాళ్లు ముట్టనివ్వరు. అది నమ్మకమో సైన్సో నాకు తెలియదు, ఆకలేస్తున్నా చెయ్యి వెళ్లదు. రెండో వీధిలో ఒక ముసలామె ఉండేది, మేమంతా నానీ అనేవాళ్లం, ఉర్దూ తప్ప ఇంకో ముక్క రాదు. ఆమె మూడో రోజు స్టీలు గిన్నెలో కారం లేని ఖిచిడీ, ఫ్లాస్కులో వేణ్నీళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఖిచిడీ నా ముందు పెట్టి, పాపను తన ఒళ్లోకి తీసుకుని, బాత్రూం వైపు చెయ్యి చూపించింది. మూడు రోజుల తర్వాత స్నానం చేశాను. లోపల నీళ్లు పోసుకుంటుంటే బయట ఆమె ఏదో పాట పాడుతోంది. నాకు వచ్చిన సాయంలో ఇప్పటికీ గుర్తున్నది అదే.

ఇంకోటి, కాగితాలు. డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, రేషన్ కార్డు అన్నీ నాని ముద్దయ్యాయి. అప్పుడు ప్రభుత్వం ఇంటికి 10 వేలు ఇచ్చింది గుర్తుందా, మాకు రాలేదు. రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు నేను పాపతో సూర్యాపేట మా అమ్మవాళ్లింటికి వెళ్లి ఉన్నా, ఆయన డ్యూటీలో ఉన్నారు, తాళం చూసి వెళ్లిపోయారు. నవంబర్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటే ఆయన రెండు రోజులు లైన్లో నిలబడ్డారు. ఆయన వంతు వచ్చేలోపు జీహెచ్ఎంసీ ఎన్నికలని ఆపేశారు.

హరిత_దిల్‌సుఖ్‌నగర్ | రాత్రి 11:19

బుజ్జమ్మ గారూ, ఏం రాయాలో తెలియట్లేదు. నేనిచ్చింది కూడా పచ్చిమిర్చి పులిహోరే.

పాత బట్టల మూటలు ఇప్పుడే విప్పి చూశా. ఒకదాంట్లో షేర్వాణీ ఉంది.

సింగ్‌నగర్_అల్లుడు | 28 సెప్టెంబర్, ఉదయం 6:40

షేర్వాణీ సూపర్. మా అత్తగారిది విజయవాడ సింగ్‌నగర్, పోయినేడు సెప్టెంబర్ 1న బుడమేరు వరద వచ్చినప్పుడు నేను ఇక్కడి నుంచి వెళ్లి నాలుగు రోజులు తిరిగా. హెలికాప్టర్లు, డ్రోన్లు, పడవలు అన్నీ వచ్చాయి, అన్నానికి లోటు లేదు. కానీ లారీ వచ్చి ఫ్లైఓవర్ దగ్గర ఆగుతుంది, అక్కడికి ఈదుకుంటూ వచ్చినవాడికి నాలుగు పొట్లాలు, సందులో మేడ మీద పసిబిడ్డతో ఉన్నామెకు సున్నా. ఆమె దిగి రాలేదు కదా. మా మరదలు ఎనిమిదో నెలతో మూడు రోజులు మేడ మీదే ఉంది.

బుజ్జమ్మ గారు చెప్పిన తాళం సంగతి నేనూ చూశా. బాలింతలు క్యాంపుల్లో ఉండరండీ, ఉంటే ఎక్కడికీ పోయే దిక్కు లేనివాళ్లే ఉంటారు. మిగతావాళ్లు పక్క వీధిలో చుట్టాల ఇంట్లో ఒక గదిలో ఎనిమిది మందితో ఉంటారు, వాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. హరిత గారు చూసింది ఐదుగురినే అయితే ఆ బస్తీలో ఇంకో పదిమంది ఉంటారు. బస్తీ ఆశా కార్యకర్తను పట్టుకోండి, ఏ ఇంట్లో ఎన్నో నెల అన్నది ఆమెకు నోటికి తెలుసు.

అంగన్‌వాడీ_టీచరమ్మ | ఉదయం 7:30

ఆశాతో పాటు మమ్మల్ని కూడా కాస్త గుర్తుపెట్టుకోండి.

ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు మా సెంటర్లలో బాలామృతం పొడి ఇస్తాం, నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి పథకం కింద రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. క్యాంపులో ఉన్న తల్లుల పేర్లు వాళ్ల బస్తీ సెంటర్లో ఉండొచ్చు, ఆ సెంటరే మునిగి ఉండొచ్చు. క్యాంపుకు దగ్గర్లో ఉన్న టీచర్‌కి చెప్పి రాయించండి. ఇబ్బందల్లా కూలి పనికి వేరే ఊళ్ల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లతో, వాళ్లు అసలు ఎక్కడా పేరు రాయించుకోరు, అడిగితే పంపించేస్తారని భయం. ఆ కుర్చీలో అమ్మాయిది ఏ ఊరో కనుక్కోండి.

నిండు గర్భిణులు ఇద్దరన్నారు, 102, 108 అంబులెన్సు నంబర్లు వాళ్ల చేతి మీద పెన్నుతో రాసినా తప్పులేదు. ఫోన్లు నీళ్లలో పోయి ఉంటాయి, పక్కవాళ్ల ఫోన్ తీసుకునేసరికి నంబరు గుర్తురాదు.

నిజాంపేట_నవీన్ | ఉదయం 8:05

మంచి పని చేస్తున్నారు. నా తరఫున 5000. ఒక సలహా, ఇచ్చేటప్పుడు ఫొటోలు, వీలైతే చిన్న వీడియో తీయండి. డబ్బులిచ్చినవాళ్లకు నమ్మకం వస్తుంది, చూసి ఇంకో పదిమంది ఇస్తారు.

బుజ్జమ్మ_2020 | ఉదయం 8:11

వద్దు.

నిజాంపేట_నవీన్ | ఉదయం 8:14

అంటే, తప్పుగా అనుకోకండి, పారదర్శకత కోసం అన్నా.

బుజ్జమ్మ_2020 | ఉదయం 8:26

తప్పుగా అనుకోలేదు నవీన్ గారూ. అప్పుడు ఎవరో నాకు దుప్పటి ఇస్తూ తీసిన ఫొటో మా ఆయన ఆఫీసు గ్రూపులోకి వచ్చింది. తల దువ్వుకోలేదు, నైటీ కూడా నాది కాదు, పాప రొమ్ము దగ్గర ఉంది. ఆయన ఆ నెల రోజులూ ఆఫీసులో తలెత్తుకోలేదు. దుప్పటి మంచిదే, ఇప్పటికీ ఉంది, కప్పుకోబుద్ధి కాదు.

అడ్మిన్ | ఉదయం 8:40

ఈ దారంలో తల్లుల, పిల్లల ఫొటోలు పెట్టొద్దు. బిల్లుల ఫొటోలు పెట్టండి, సామాను ఫొటోలు పెట్టండి. నవీన్ గారు మంచి ఉద్దేశంతోనే అడిగారు, ఇక దీని మీద లొల్లి వద్దు.

కిరణ్_ఉప్పల్ | ఉదయం 9:02

సామాను ఎందుకు, నేరుగా నగదు ఇస్తే పోదా? ఎవరికేం కావాలో వాళ్లే కొనుక్కుంటారు.

ఆటో_సత్తన్న | ఉదయం 9:20

నగదు మంచిదే అన్నా, నేను కూడా అదే అంటా. కాని ఎవరి చేతిలో పెడుతున్నారో చూడాలె. మాది కూడా మూసీ ఒడ్డే, మా బస్తీ సంగతి నాకు ఎరుక. మొగని చేతిల పెడితే సగం పైసలు సీసాలకు పోతయి, పాలసీసా కాదు. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒక్క రోజే వచ్చినయి, 2వ తారీఖు మందు షాపులు బంద్, అందుకని 1వ తారీఖు మాత్రం అస్సలు ఇవ్వకుండ్రి. 3వ తారీఖు ఇయ్యండి, ఆమె చేతికి, అత్త చూడంగ. అత్తకు ఎరుకైతే కొడుకు గుంజుకోలేడు.

ఆటో కావాలంటే నాది ఉంది. మలక్‌పేట నుంచి కిరాయి వద్దు.

రిటైర్డ్_సిస్టర్ | ఉదయం 9:31

సత్తన్నా, నీ లెక్క ఆస్పత్రి సూపరింటెండెంట్లకు కూడా తట్టదు. కానీ ఏ అత్త అనేది కూడా చూసుకోవాలి. కొందరు అత్తల దగ్గర నోటు కనబడకపోవడమే నయం. ముందు ఆ పిల్లతో ఒంటరిగా మాట్లాడండి.

హరిత_దిల్‌సుఖ్‌నగర్ | 29 సెప్టెంబర్, రాత్రి 10:10

నిన్నా ఇవాళా జరిగింది రాస్తున్నా, కొంచెం పెద్దదే.

పాలడబ్బాలు కొనలేదు. తొమ్మిది నైటీలు, ముందు జిప్పు ఉన్నవి, లోపలి బట్టలు మూడు సైజుల్లో, బాలింతలకు వాడే పెద్ద ప్యాడ్లు, కొత్త నూలు గుడ్డ పదిహేను మీటర్లు, స్టీలు ఫ్లాస్కులు ఏడు, మూతలున్న బకెట్లు, పిల్లల దోమతెరలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. కిరణ్ గారి ఉగ్గుగిన్నెలు. మా ఎదురింటి ఆంటీ రోజూ పెసరపప్పు, మెత్తటి అన్నం, నెయ్యి క్యారేజీ కట్టిస్తున్నారు. ఒకామె వెల్లుల్లి వేయించి ఇవ్వమని అడిగింది, అదీ పంపాం.

చీరలు అడ్డం కట్టాం. కట్టిన పావుగంటలో లోపల నలుగురు తల్లులు. ఒకామె అక్కడే కింద కూర్చుని గంటసేపు నిద్రపోయింది.

మొదటిరోజు ఒక పొరపాటు చేశాం. సంచీలు హాలు మధ్యలో పెట్టి పేర్లు పిలిచాం. రెండు నిమిషాల్లో తోపులాట. పిల్లలు లేని ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, మాకు పిల్లలు లేరని మాకు చలి పెట్టదా అని నిలదీసింది. ఏం చెప్పాలి? మూడు నైటీలు ఎటుపోయాయో తెలియదు. ఇవాళ అలా చేయలేదు, సంచీ ఒక్కొక్కటిగా చీర వెనక్కి తీసుకెళ్లి ఇచ్చాం. ఆ పెద్దావిడకూ ఒక దుప్పటి ఇచ్చాం, ఆమే ఇప్పుడు చీర దగ్గర కూర్చుని మగవాళ్లను అటు రానివ్వట్లేదు.

కుర్చీలో అమ్మాయిది నారాయణపేట వైపు. భర్త సెంట్రింగ్ పని. నేను వెళ్లి అన్నీ ముందు పెట్టాను, నైటీ, ఫ్లాస్కు, గిన్నె. తీసుకుంది. ఇంకేమైనా కావాలా తల్లీ అంటే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత కాళ్లు కుర్చీ కిందకు లాక్కుని, చెప్పులక్కా అంది. ఆ రాత్రి వట్టి కాళ్లతో వచ్చిందట. మూడు రోజులుగా ఆ హాలు బాత్రూంకి, అక్కడ నీళ్లెలా నిలుస్తాయో నేను చూశా, వట్టి కాళ్లతోనే వెళ్తోంది, అందుకే వీలైనంత వరకూ కుర్చీలోంచి లేవట్లేదు, మంచినీళ్లు కూడా తగ్గించేసింది. నేను నేల తడిగా ఉందని కూర్చుందనుకున్నా.

ఐదో నంబరు హవాయి చెప్పులు, 120 రూపాయలు. ఆ 41 వేల లిస్టులో చెప్పులు ఎవరికీ తట్టలేదు.

రిటైర్డ్_సిస్టర్ | రాత్రి 10:31

నాకూ తట్టలేదమ్మా. నీళ్లు బాగా తాగమని చెప్పు. మూత్రం మంట ఉందేమో అడుగు, అడిగితేనే చెబుతుంది. జ్వరం గానీ, స్రావం వాసన గానీ ఉంటే క్యాంపు డాక్టరు కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

చరిత్ర_పిచ్చి | రాత్రి 10:45

ఇరవై జతల చెప్పులు పంపిస్తా, సైజులు చెప్పండి. చింతచెట్టు ఊసెత్తను.

సింగ్‌నగర్_అల్లుడు | 30 సెప్టెంబర్, ఉదయం 7:15

క్యాంపు ఎన్నిరోజులుంటుందో కనుక్కున్నారా? నీళ్లు దిగగానే అందరినీ పంపించేస్తారు, సాయం చేసేవాళ్లు కూడా అక్కడితో ఇళ్లకు వెళ్లిపోతారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. సింగ్‌నగర్‌లో మోకాలి లోతు బురద ఎత్తడానికి వారం పట్టింది. పసిబిడ్డను ఎవరు పట్టుకుంటారు, ఆమె బురద ఎత్తుతుంటే? బ్లీచింగ్ చల్లిన గదిలో పాపను పడుకోబెట్టలేరు.

హరిత_దిల్‌సుఖ్‌నగర్ | 5 అక్టోబర్, సాయంత్రం 6:20

అల్లుడు గారు చెప్పినట్టే అయింది. పండగకు ముందే హాలు ఖాళీ చేయించారు. మా అపార్ట్‌మెంట్ నుంచి రోజుకు ఇద్దరం వంతులేసుకుని వెళ్తున్నాం, చీపుర్లు పట్టుకోవడం కంటే ఎక్కువగా పిల్లల్ని ఎత్తుకోవడమే మా పని. డిగ్రీ చదివే మా అమ్మాయి ఒక చంటివాణ్ణి భుజాన వేసుకుని మూడు గంటలు ఆ గల్లీలోనే తిరిగింది, ఇంటికొచ్చి చెయ్యి లేవట్లేదు అంటోంది.

మిగిలిన 17 వేలు 3వ తారీఖున, సత్తన్న ముహూర్తం ప్రకారం, ఏడుగురికి విడివిడిగా ఇచ్చాం. ఒకామె ఇంటి ఓనరు బురదలో ఉన్న గదికి కూడా సెప్టెంబర్ అద్దె అడిగాడట. బిల్లులన్నీ కింద పెట్టాను. నిండు గర్భిణుల్లో ఒకామెకు నిన్న కాన్పు అయింది, 108లోనే వెళ్లింది, మగపిల్లాడు, ఇద్దరూ క్షేమం.

నారాయణపేట అమ్మాయి పాపకు రేపు ఇరవై ఒకటో రోజు. గోడల మీద ఇంకా నీటి గీత ఉంది, నా భుజం ఎత్తున. చీరతో ఉయ్యాల కట్టడానికి కొక్కెం సత్తన్న బిగించాడు. పేరు ఏం పెడతారని అడిగితే వాళ్ల అత్త, నీళ్ల పేరు మాత్రం పెట్టం, గంగ గింగ అనకండి అంది.

పాప పుట్టింది 16వ తేదీ, ఆరు వారాలకు వేయాల్సిన టీకాలు ఈ నెల 28కి పడతాయి. కార్డు నీళ్లలో పోయింది, అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పినట్టు ఆశా రిజిస్టర్‌లోంచి పుట్టిన తేదీ, బరువు రాయించి కొత్త కార్డు అడిగాం. బుధవారం వేస్తారట, అంటే 29. భర్త పనిలో చేరాడు, ఆ రోజు కుదరదన్నాడు. ఆఫీసుకు నేను సెలవు పెట్టా.

ఆటో_సత్తన్న | సాయంత్రం 6:32

బుధవారం పొద్దుగాల 9కి గల్లీ ముందు ఉంటా.

బుజ్జమ్మ_2020 | సాయంత్రం 6:50

నేనూ వస్తానండీ. మీరు లైన్లో ఉంటే పాపను నేను పట్టుకుంటా.